వేపచెక్క బీరువాకు పాలరంగు

ఏప్రిల్ 22, 2025. మంగళవారం

వడ్రంగి నాగరాజ్ పొద్దున్నే ఆటోలో సామాన్లు తెచ్చి దించిపోయినాడు. రెండు తలుపుల బీరువా, పెద్ద మంచం. అంతా వేపచెక్కే. పాలిష్ లేదు, రంగు లేదు. తోలు ఒలిచిన మేకల మాదిరి నడవలో నిలబడినాయి.

"పాలిషు కొట్టకుండా ఇంతవరకు ఒక్క పీట కూడా పంపలేదు మేడం నేను. ఎవురన్నా అడిగితే నాగరాజ్ చేసినాడని మాత్రం చెప్పాకండి."

"రంగు నేనే వేసుకుంటా నాగరాజ్."

"మీరా?" అని నా చేతులు చూసినాడు. ఇరవై ఏండ్లుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే చేతులు, చాక్‌పీసు కంటే బరువైంది ఎత్తనివి. "సరే, వేయండి. మళ్ళా గీకేదానికి నన్నే పిలుస్తారు."

నన్ను చేసుకోబోయే దావీదురాజు గారికి పెయింటు వాసన పడదు. మా పాస్టరు అయ్యగారి ఇంట్లో చూపులకు కూర్చున్నప్పుడు ఆయన చెప్పిన మొదటి సంగతే అది. "నాకు పెయింటు వాసనా పొగడ్తా పడవండీ. మొదటిదానికి దమ్మొస్తాది. రెండోదానికి యాడ చూడాల్నో తెలీదు." నాకు నవ్వొచ్చింది. నలభై నాలుగేండ్ల ఆడమనిషి పెండ్లిచూపుల్లో నవ్వకూడదేమోనని గ్లాసెడు నీళ్ళు తాగినాను.

ఆయనకు నలభై తొమ్మిది. వేంపల్లె పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. భార్య పోయి ఆరేండ్లయింది, పిల్లలు లేరు. జూన్‌లో కడపకు బదిలీ. ఇక్కడికే, మా ఇంటికే వస్తాడు. అమ్మ దీన్ని వీధంతా చెప్పుకొని మురిసిపోతాంది, యాభైకి ఇల్లరికం అని.

పెండ్లి మే 15. దానికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. చదివిన ప్రతిసారీ, ఎవరికైనా ఆటంకం తెలిస్తే చెప్పండని అడుగుతారు. మూడూ గడిస్తేనే పెండ్లి.

2007లో నా పేరు రెండుసార్లు చదివినారు. మూడోది చదవలేదు. ఆ రాజంపేట సంబంధం వాళ్ళు వద్దనుకున్నారు. దాని గురించి ఇంక రాసేదేముంది.

ఏప్రిల్ 23

ఎమరీ పేపరు పట్టి బీరువా అంతా రుద్దినాను. వేపపొడి నోట్లో పడి ఒకటే చేదు. "మింగు పాపా, కడుపులో పురుగులు చస్తాయి," అనింది అమ్మ. నలభై నాలుగేండ్లొచ్చినా ఈమెకు నేను పాపనే.

ఏప్రిల్ 24

రంగుల షాపులో పర్యావరణానికి మేలైన పెయింటు అని ఒక డబ్బా చూపించినాడు. దాని మీద ఆకుపచ్చగా ఆకు బొమ్మ. "వాసనే ఉండదక్కా," అన్నాడు. మూత తెరిపించినాను. ఉండాది. "ఇది వాసన కాదక్కా, కొత్తదనం," అన్నాడు. డబ్బా అక్కడే పెట్టి వచ్చేసినాను.

వచ్చేదారిలో ఆటోలో తట్టింది. కేసీను, పాలలోని ప్రొటీను! పాలు విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి, ఆ విరుగులో తడి సున్నం కలిపితే బంకవుతుంది. ఆ బంకలో మన్ను కలిపితే రంగు. పాతకాలంలో బల్లలకూ కుర్చీలకూ ఇదే పూసేవాళ్ళని ఎమ్మెస్సీలో ఒక సారు చెప్పినాడు. రాసుకొని, పరీక్షలో రాసి, మర్చిపోయినాను. ఇన్నేండ్లకు నా చదువు నా ఇంట్లో పనికొస్తాంది. దానికే ఇంత సంతోషమా? ఆటో ఆయన అద్దంలో చూసినాడు నన్ను, ఒక్కదాన్నే నవ్వుకుంటా ఉంటే.

ఒకటే షరతు. పాలలో వెన్న ఉండకూడదు.

లక్ష్మీదేవమ్మకు చెప్పినాను. మా వీధికి పదేండ్లుగా బర్రెపాలు పోసేది ఆమే. "నీళ్ళ పాలు కావాల లక్ష్మీదేవమ్మా, వెన్న లేనివి, నాలుగు లీటర్లు. పెండ్లి బీరువాకు రంగు కలుపుతా."

"పెండ్లికా?" అనింది కండ్లు పెద్దవి చేసి. "పోస్తా టీచరమ్మా, పోస్తా."

రంగుకు మన్ను కూడా ఆమే ఇచ్చింది. పండగకు గడపలకు పూయగా మిగిలిన జాజు, ఎర్రమన్ను, ఒక పొట్లం. అమ్మకు అది నచ్చలేదు. "జాజు వాళ్ళ గడపలకు గదా. మనకేంది?" అనింది.

"మన్ను ఎవరిదైతే ఏందిమా. మనల్ని చేసింది కూడా మంటితోనే గదా," అన్నాను.

"వాక్యం నాకే చెప్తావా," అని విసుక్కునింది. కానీ పొట్లం విప్పి వేలితో నలిపి చూసింది. మా అమ్మ రాహేలమ్మకు ఏదైనా చేత్తో తాకితేగానీ ఒప్పుదల కాదు.

ఏప్రిల్ 26. శనివారం

కలిపినాను! పూసినాను! బీరువా రెండు తలుపులూ ఒక పూత అయిపోయినాయి. సున్నంలో పడేసరికి జాజు ఎరుపు విరిగి లేతబడింది. దోర ఎర్రజామకాయ కోస్తే లోపల ఉండే రంగు. ఇంత బాగుంటుందని అనుకోలేదు. బ్రష్ కడగడం కూడా మర్చిపోయి ఎదురుగా పీటేసుకొని కూర్చున్నాను. ఆయనకు ఫోటో పంపినాను. "బాగుండాదండీ," అని వెంటనే జవాబు. కాసేపటికి ఇంకోటి. "ఇది పొగడ్త కాదు."

ఏప్రిల్ 27. ఆదివారం

మొదటిసారి చదివినారు. "కడప వాస్తవ్యురాలు కుమారి క్రిస్టినా." వెనక బెంచీలో ఎవరో దగ్గినారు. దగ్గే. అంతే.

ఏప్రిల్ 28

ఆరలేదు.

బయట నలభై రెండు డిగ్రీలు. తాడు మీద చీర పదినిమిషాల్లో అప్పడమవుతాంది. రెండు రోజులైనా బీరువా మాత్రం ఆరలేదు. వేలు పెడితే జారుతుంది. తడిగుడ్డతో తుడిస్తే నురగ వచ్చింది. నురగ! వెన్న, సున్నం. కొవ్వుకు క్షారం తగిలితే ఏమవుతుందో ప్రతి ఏడూ డిసెంబరులో రెండో సంవత్సరం పిల్లలకు చెప్తాను. సబ్బవుతుంది. నేను నా పెండ్లి బీరువాకు సబ్బు పూసినాను.

లక్ష్మీదేవమ్మను నిలదీసినాను.

"వెన్న లేని పాలు అడిగితిని గదా?"

"అడిగితివి."

"మరి?"

"పెండ్లికంటివే! పెండ్లి పనికి నీళ్ళ పాలు పోస్తే నా బర్రె నన్ను తంతాది. మూడో ఈత బర్రెవి, పొద్దుటి పూటవి, చుక్క నీళ్ళు కలపకుండా తెచ్చినా." రొమ్ము మీద చేయి పెట్టుకొని చెప్పింది. "యేసయ్య తోడు, నీ దేవుడే గదా, ఆయన తోడు టీచరమ్మా. ఈ పదేండ్లలో మీ ఇంటికి అట్లాంటి పాలు ఎప్పుడూ పోయలేదు."

అన్నాక తాను ఏం ఒప్పుకునిందో తెలిసొచ్చి గబుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. అమ్మ లోపల్నుంచి, "అది మాకు ఎప్పుడో తెలుసులే లక్ష్మీదేవీ!" అని అరిచింది. ముగ్గురం మెట్ల మీద కూర్చొని కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వినాం. బీరువా మాత్రం నిగనిగలాడతా జిడ్డు ఓడుతాంది.

ఏప్రిల్ 29

ఆయనకు ఫోన్‌లో చెప్పినాను. లైను పోయిందనుకున్నాను. నవ్వుతున్నాడని తర్వాత తెలిసింది.

"బర్రెపాలలో వెన్న ఏడెనిమిది శాతం ఉంటాది మేడం. ముందే నన్ను అడిగింటే చెప్పేవాణ్ణి గదా. మా పక్కనే పాల సెంటరు ఉండాది. మిషన్‌లో వెన్న తీసిన పాలు తెస్తా. గురువారం మేడే, సెలవే నాకు."

ఆయన రావడం అవసరమా? క్యాను బస్సులో వేసి పంపితే చాలు గదా. అట్లని అనలేదు నేను.

ఏప్రిల్ 30

గీకడం. నాగరాజ్‌ను పిలవలేదు.

మే 1. గురువారం

తొమ్మిదిన్నరకు ఆయన వచ్చినాడు, ఒక చేతిలో పాలక్యాను, ఇంకో చేతిలో చీనీ బత్తాయిల సంచి. వేంపల్లె నుంచి క్యాను ఒళ్ళో పెట్టుకొనే కూర్చున్నాడంట. "కండక్టరు దీనికి కూడా టికెట్ కొట్టాల్నా అని అడిగినాడు," అని అమ్మకు చెప్పినాడు. అమ్మకు అప్పుడే నచ్చేసినాడు. అంతకుముందే నచ్చినాడు, అది వేరే.

పాలు విరగ్గొట్టింది నేను, గుడ్డలో వేసి పిండింది ఆయన. జున్ను చేసే మనిషి మాదిరి పిండినాడు. సున్నం కలిపి నూరేకొద్దీ అది సాగి, మెరిసి, బంకయింది. జాజు వేసినాం. నేను పూయడం మొదలుపెడితే ఆయన మూతికి గుడ్డ కట్టుకొని గుమ్మం బయటే నిలబడినాడు. పది నిమిషాలు, పావుగంట. తర్వాత మెల్లగా గుడ్డ కిందికి లాగి గాలి పీల్చినాడు.

"ఏమప్పా, ఎట్లుండాది?" అని అమ్మ నాకంటే ముందే అడిగింది.

"పెరుగన్నం వాసన అత్తమ్మా. ఆకలేస్తాంది."

అత్తమ్మా అన్నాడు. ప్రకటన ఒక్కసారే చదివినారు ఇంకా.

నేను ఎడమ తలుపు, ఆయన కుడి తలుపు. నేను చెక్క పోగు వెంబడి ఒకే తీరుగా, ఒక్క గీత కనబడకుండా పూస్తాను. ఆయన బర్రెకు నీళ్ళు పోసి రుద్దినట్టు పూస్తాడు. ఒకసారి ఉండబట్టలేక చెప్పినాను. "అట్లనా? ఇట్లనా?" అని అడిగి, మళ్ళీ అట్లనే పూసినాడు. మధ్యాహ్నం తినేటప్పుడు చూస్తే మోచేయి దాకా జామరంగు.

నాలుగు గంటలకల్లా ఆరిపోయింది. వేలుపెట్టి చూసినాం. గోటితో గీరినాం. తడిగుడ్డ పెట్టినాం. రాలేదు. రాయి మాదిరి పట్టింది. అమ్మ కూడా చేత్తో తడిమి, "ఉండాది," అనింది. ఆమె మాటల్లో అది శానా పెద్ద మెప్పు.

ఐదున్నర బస్సుకు ఆయన పోయినాడు. ఖాళీ క్యాను మర్చిపోయినాడు. మర్చిపోయినాడా, పెట్టి పోయినాడా?

ఇట్లాంటి రోజు నాకు ఎప్పుడు వచ్చిందో గుర్తు చేసుకోవాలని చూసినాను. రాలేదు.

మే 2

అంతా బాగానే ఉండాది.

మే 4. ఆదివారం

రెండోసారి.

మే 5

ఎడమ తలుపు రంగు సమంగా లేదు. పైమూల ముదురుగా, కింద లేతగా ఉండాది. పొద్దుటి నుంచి అదే కనబడుతాంది. నేను పూసింది గాబట్టి నేనే సరిచేయాలి. ఎమరీ పేపరు తీసి రుద్దడం మొదలుపెట్టినాను. సగం తలుపు మళ్ళీ చెక్క తేలింది.

అమ్మ కూరగాయల సంచితో వచ్చి నిలబడింది.

"ఏం చేస్తాండావు పాపా?"

"రంగు సమంగా రాలేదుమా."

"నిన్న గుడి నుంచి వచ్చినాక అన్నం తినలేదు నువ్వు."

"ఎండకు."

సంచి కింద పెట్టింది. మంచం పట్టె మీద కూర్చుంది. "ఆ పొద్దు కూడా ఇంతే. రెండోసారి చదివొచ్చినాక చీర అంచు సరిగా లేదని ఒక వారమంతా ఆ చీర తిప్పి తిప్పి చూస్తివి."

"ఆ రాజంపేట వాళ్ళే గదామా వద్దనింది."

అమ్మ నా చేతిలోంచి ఎమరీ పేపరు తీసుకొని నాలుగు మడతలు పెట్టింది. "వాళ్ళు వద్దనలేదు గదా పాపా," అని లేచి బెండకాయలు కడగడానికి పోయింది.

ఆమెకు తెలుసు!

రాస్తాను. ఇది నా డైరీ, ఎవరు చూస్తారు. వాళ్ళు కాదు. నేనే. రెండోసారి చదివిన మర్నాడు, కాలేజీ ముందర ఎస్టీడీ బూతు నుంచి ఆ పిల్లోని తండ్రికి ఫోన్ చేసినాను. మా అమ్మకు ఆరోగ్యం బాగలేదు, నేను ఆమెను వదిలి రాలేను, మాకు ఈ పెండ్లి వద్దు అన్నాను. అమ్మ దిట్టంగా ఉండింది అప్పుడు. ఆ పిల్లోనిలో తప్పేమీ లేదు. ఏమీ లేదు. మూడోది చదివితే ఇంక వెనక్కి రాలేనని భయమేసింది, అంతే. ఊరంతా రాహేలమ్మ కూతురి జీతం కోసం పెండ్లి చెడగొట్టిందని అనుకునింది. పద్దెనిమిదేండ్లు ఆ మాట ఆమె మోసింది. నేను మోయనిచ్చినాను. ఒక్కసారి కూడా ఆమె నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు మళ్ళీ అదే వారం. ఫోన్ ఇప్పుడు నా చేతిలోనే ఉంటుంది. బూతు దాకా పోయే పని కూడా లేదు.

మే 6

చెయ్యలేదు.

మే 7

చెయ్యలేదు. అమ్మ కాళ్ళకు నూనె రాసినాను. "ఎందుకిప్పుడు?" అనింది. "ఊరికే." "ఊరికే అయితే మోకాలికి కూడా రాయి." రాసినాను. చెప్పినాను కూడా. అంతా. ఆమె కండ్లు మూసుకొనే వినింది. "తెలుసులే. వాళ్ళ పెద్దాయన నా ఆరోగ్యం ఎట్లుండాదో చూసిపోదామని పండ్లు తీసుకొని వచ్చినాడు అప్పుడే. నేను మంచం మీద పండుకొని మూలిగినా." నాకు ఏడవాల్నో నవ్వాల్నో తెలియలేదు. "మూలిగినావా?" "మరి నువ్వు అబద్ధమాడితే నేను నిజం చెప్పాల్నా? బత్తాయిలు మాత్రం బాగుండె."

మే 8. గురువారం

వేంపల్లెకు పోయినాను. ఫోన్‌లో చెప్పకూడదు ఇది, ఈసారి మొహం మీద చెప్పాలి.

ఆసుపత్రి కానుగచెట్టు కింద ఒక బర్రె, ఒక రైతు, ఆయన. చొక్కా చేతులు మడిచి బర్రె నోట్లోకి వెదురుగొట్టంతో మందు పోస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "వచ్చినారా, ఈ పగ్గం రవ్వంత పట్టుకోండి," అన్నాడు. పట్టుకున్నాను. బర్రె తల ఆడించి నా చీర మీదంతా చొంగ చల్లింది. రైతు కంగారుపడి, "అయ్యో, ఎవురమ్మా మీరు?" అని అడిగితే, నేను నోరు తెరిచే లోపల ఆయన, "ఆదివారం గుడిలో మూడోసారి చదివితే తెలుస్తాదిలేప్పా," అన్నాడు.

రైతు పోయినాక చెప్పినాను. బూతు, ఫోను, అమ్మ మీద పెట్టిన అబద్ధం, ఎడమ తలుపు గీకేసింది కూడా. వరసగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పినాను. మధ్యలో ఆపితే ఇంక చెప్పలేను.

ఆయన చేతులు కడుక్కుంటా విన్నాడు. సబ్బు అయిపోయినా కడుగుతూనే ఉన్నాడు.

"నేనంటే ఇష్టం లేక గీకినారా?"

"కాదు."

"మరి?"

"తెలీదు. బాగుంది. బాగున్నదంటే నాకు భయం."

కొళాయి కట్టేసినాడు. "ఈ ఆదివారం నేను మా గుడికి పోను. మీ గుడికొస్తా. మగోళ్ళ వైపు ఆఖరి బెంచీలో కూర్చుంటా. చదివేటప్పుడు పోవాలనిపిస్తే లేచి బయటికి రండి, ఎవరికీ ఏమీ చెప్పే పన్లేదు. గేటు కాడ బండి పెట్టుకోనుంటా. ఇంటికైనా సరే, బస్టాండుకైనా సరే, దింపుతా."

"మీరు బాధపడరా?"

"పడతా. దింపినాక పడతా."

నాకు యాడ చూడాల్నో తెలియలేదు. బర్రెలు కట్టే గుంజ వైపు చూసినాను.

బస్సెక్కించేటప్పుడు రెండు లీటర్ల పాలబాటిల్ కిటికీలోంచి అందించినాడు. "వెన్న తీసినవే. పూసేదీ పూయనిదీ మీ ఇష్టం. పూయకుంటే పారబోయండి, తాగాకండి, రుచుండదు."

మే 9

పొద్దున ఆరుకే కలిపినాను, ఎండెక్కితే ఈ రంగు నాలుగు గంటలు కూడా నిలవదు. ఎడమ తలుపు పూసినాను. జాజు కొలత చూసుకోలేదు. కుడి తలుపు కంటే ఒక పిసరు ముదురొచ్చింది. దూరం నుంచి కూడా తెలుస్తుంది. లక్ష్మీదేవమ్మ చూసి, "రెండు తలుపులూ రెండు బర్రెల పాలా?" అనింది. ఉండనీ.

మే 11. ఆదివారం

ఆయన ఆఖరి బెంచీలోనే ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. నేను ఆడవాళ్ళ వైపు అమ్మ పక్కన, మూడో వరసలో. మా మధ్య పన్నెండు బెంచీలు, నాలుగు ఫ్యాన్లు. ఒక ఫ్యాను తిరగడం లేదు.

అయ్యగారు కాగితం విప్పినారు. మా ఇద్దరి పేర్లు, ఊర్లు, ఆయన మొదటి భార్య ప్రభువునందు నిద్రించిన సంగతి అన్నీ చదివినారు. "వీరి పరిశుద్ధ వివాహమునకు న్యాయమైన ఆటంకమేదైనను ఎవరికైనను తెలిసిన యెడల తెలియజేయవలెను," అని ఆగినారు.

ఎప్పుడూ ఇంతసేపు ఆగుతారా?

ఈ గుడిలో ఆటంకం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. లోపల వెతికినాను. లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉండాది. నా కాళ్ళు లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూడా అనిపించింది. వెనక్కి తిరిగి చూసినాను. ఆయన నన్నే చూస్తున్నాడు. కనుబొమలు ఎత్తి, బొటనవేలితో తలుపు వైపు చూపించినాడు. పోదామా?

నిజంగానే తాళంచెవులు చేతిలో పట్టుకోనున్నాడు.

తల అడ్డంగా ఊపినాను. అంత గట్టిగా ఊపినానంట, కొప్పులో పెట్టుకున్న మల్లెలు జారి వెనక బెంచీ ఆమె ఒళ్ళో పడినాయి. ఆమె తీసి నా భుజం మీదుగా అందించింది. నా భయం పోలేదు. దాన్ని పక్కకు జరిపి అట్లనే కూర్చున్నాను.

"ఇది మూడవసారి చదివిన ప్రకటన," అన్నారు అయ్యగారు. కాగితం తిప్పినారు. "సెలవుల బైబిలు బడి రేపటి నుండి ప్రారంభం. పిల్లలు తలా ఒక గ్లాసు తెచ్చుకోవలెను. పోయినేడు పోయిన గ్లాసులకు సంఘము బాధ్యత వహించదు."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవడం నా వల్ల కాలేదు. అమ్మ తొడ మీద గిల్లి, "ఏందే క్రిస్టినా, గుడిలో ఉండావు," అనింది. పుట్టి బుద్ధెరిగినాక అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఆఖరి బెంచీ నుంచి కూడా ఒక మగగొంతు నవ్వు వినబడింది. దగ్గు కాదు.